నలభై మందికి పంచేలా ఇంట్లోనే ఉస్మానియా బిస్కెట్లు

పంచడానికి చేసే బిస్కెట్‌కి రుచి ఒక్కటే ఉంటే చాలదు. పొద్దున డబ్బాలో సర్దింది మొదలు బస్సులోనో బండి మీదో వెళ్లి అందరి చేతుల్లో పడేదాకా విరగకూడదు, కరగకూడదు, మెత్తబడకూడదు. గుడ్డు తిననివాళ్లు తరగతిలోనూ ఉంటారు, ఆఫీసులోనూ ఉంటారు. పల్లీలు, జీడిపప్పు పడని పిల్లలు కూడా ఉండొచ్చు. చాక్లెట్ చిప్ కుకీలు ఎంత బాగున్నా ఏప్రిల్ ఎండలో స్కూల్ బ్యాగులో రెండు గంటలుంటే చాక్లెట్ కరిగి ఒకదానికొకటి అంటుకుపోతాయి. అందుకే ఈ పనికి ఉస్మానియా బిస్కెట్‌ను మించింది లేదు. గుడ్డు అక్కర్లేదు, పప్పులు అక్కర్లేదు, రెండో రోజుకి రుచి ఇంకా కుదురుతుంది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీదున్న ఈ బిస్కెట్ హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో చాయ్ పక్కన రోజూ కనిపించేదే కాబట్టి, ఆఫీసులో డబ్బా తెరిస్తే ఇదేమిటని ఎవరూ అడగరు.

దీని ప్రాణం ఉప్పులో ఉంది. నోట్లో పెట్టగానే తీపి, వెంటనే ఉప్పు తెలియాలి. ఇంట్లో చేసినవి చాలాసార్లు మామూలు తీపి బిస్కెట్లలా అయిపోవడానికి కారణం, ఉప్పు వేయడానికి చెయ్యి వెనకాడడమే.

కావలసినవి

ఈ కొలతకి సుమారు 600 గ్రాముల పిండి ముద్ద వస్తుంది. ఒక్కోటి 15 గ్రాముల చొప్పున 40 బిస్కెట్లు అవుతాయి, అంటే నలభై మందికి తలా ఒకటి. తలా రెండు పంచాలంటే లెక్క కింద ఉంది.

మైదా 250 గ్రాములు
కస్టర్డ్ పౌడర్, వెనిల్లా రుచిది, 25 గ్రాములు
పాలపొడి 25 గ్రాములు
ఉప్పు లేని బటర్ 150 గ్రాములు
పంచదార పొడి 110 గ్రాములు
ఉప్పు ముప్పావు టీస్పూన్
బేకింగ్ పౌడర్ అర టీస్పూన్
వంటసోడా పావు టీస్పూన్, గీసినట్టు సమంగా
యాలకుల పొడి అర టీస్పూన్
గోరువెచ్చని పాలు 2 టేబుల్ స్పూన్లు, అందులో 10–12 కుంకుమపువ్వు రేకులు
పైన రాయడానికి ఇంకో 2 టేబుల్ స్పూన్ల పాలు, చిటికెడు పంచదార

కప్పులతో కొలవకండి. ఒకే కప్పులో మైదా తేలిగ్గా నింపితే 120 గ్రాములు, కుక్కి నింపితే 150 దాటుతుంది. రెండు కప్పులకే 60 గ్రాముల తేడా. బిస్కెట్ ఒకసారి పొడిపొడిగా, ఇంకోసారి ట్రే అంతా పరుచుకుని రావడానికి సగం కారణం ఇదే. వంటింటి డిజిటల్ తూకం ఒకటి కొనుక్కుంటే ఓవెన్ మార్చినదానికన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

కస్టర్డ్ పౌడర్‌లో ప్రధానంగా ఉండేది మొక్కజొన్న పిండి. దానివల్ల మైదాలోని సాగుడు గుణం తగ్గి, బిస్కెట్ గట్టిగా కాకుండా నోట్లో విడిపోయేలా వస్తుంది. రంగు, వాసన కూడా దాన్నుంచే వస్తాయి. పాలపొడి వల్ల ఎరుపు త్వరగా తిరుగుతుంది, కోవా లాంటి రుచి వస్తుంది. ఈ రెండింటిలో ఏది మానేసినా అది ఉస్మానియా కాదు, మామూలు బటర్ బిస్కెట్.

ఇంట్లో ఉన్నది ఉప్పు బటరే అయితే అదే వాడుకోవచ్చు. అప్పుడు విడిగా వేసే ఉప్పు పావు టీస్పూన్ లోపే ఉండాలి. నెయ్యితో చేయాలంటే 150 కాదు, 120 గ్రాములే తీసుకోండి. బటర్‌లో నీరు కూడా ఉంటుంది, నెయ్యి పూర్తిగా కొవ్వు. ఆ నీటికి బదులు ఇంకో టేబుల్ స్పూన్ పాలు కలపాలి. కాచి గోరువెచ్చగా ఉన్న నెయ్యి పనికిరాదు, పూస కట్టి గట్టిపడినది కావాలి. వనస్పతితో చేస్తే బేకరీల్లో లాగా కరకరలాడుతుంది గానీ, తిన్నాక అంగిట్లో జిడ్డు పొర మిగులుతుంది. ఇంట్లో చేసేటప్పుడు ఆ అవసరం లేదనే చెప్తాం.

పంచదారను మిక్సీలో మెత్తగా పొడి చేసి జల్లించండి. పలుకులు మిగిలితే అవి ఓవెన్‌లో కరిగి బిస్కెట్‌ను పక్కలకు పరిచేస్తాయి, అంచులు గీరుకుపోయినట్టు వస్తాయి.

పిండి కలపడం

బటర్ ఏ స్థితిలో ఉందన్నదే మొదటి పరీక్ష. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి నూనె అంటకూడదు. 18–20 డిగ్రీల దగ్గర ఇలా ఉంటుంది. మన ఎండాకాలంలో ఫ్రిజ్ నుంచి తీసి ముక్కలు కోసి పెడితే పది, పదిహేను నిమిషాల్లోనే ఈ స్థితికి వస్తుంది. గంటసేపు బయట వదిలేస్తే కరిగి మెరుస్తూ ఉంటుంది. అలా కరిగినదాన్ని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడ్డాకే వాడాలి. కరిగిన కొవ్వు గాలిని పట్టి ఉంచలేదు, ఎంత గిలక్కొట్టినా పొంగదు.

బటర్, పంచదార పొడి, ఉప్పు కలిపి హ్యాండ్ మిక్సర్‌తో అయితే మూడు నిమిషాలు, చెక్క గరిటెతో అయితే ఏడెనిమిది నిమిషాలు గిలక్కొట్టండి. పసుపు రంగు తగ్గి తెల్లబారి, నురుగులా తేలికపడగానే ఆపేయాలి. కేక్‌కి కొట్టినంతసేపు దీనికి కొట్టకూడదు. గాలి ఎక్కువైతే ఓవెన్‌లో పొంగి, తీయగానే కూలి, పైన ముడతలు పడతాయి.

మైదా, కస్టర్డ్ పౌడర్, పాలపొడి, బేకింగ్ పౌడర్, సోడా, యాలకుల పొడి కలిపి రెండుసార్లు జల్లెడ పట్టండి. సోడా ఒకచోట ఉండలా మిగిలితే ఆ బిస్కెట్ కొరికినవాళ్లకి సబ్బు రుచి తగులుతుంది. ఎంత జల్లించినా సోడా కొలత మించితే మొత్తానికీ అదే గతి, కాబట్టి పావు టీస్పూన్‌ను చాకుతో గీసి సమం చేయండి.

ఈ పొడిని బటర్‌లో రెండు విడతలుగా వేసి గరిటెతో కలపండి. ఇసుక రవ్వలా అయ్యాక కుంకుమపువ్వు పాలు చల్లి, వేళ్లతో దగ్గరికి తీయండి. ఇక్కడ చపాతీ పిండిలా మర్దించే అలవాటు చెయ్యిని లాగుతుంది. ఆ పని చేస్తే మైదా సాగుడు కట్టి బిస్కెట్ రాయిలా వస్తుంది. గుప్పిట్లో నొక్కితే ముద్దగా నిలిస్తే చాలు, నున్నగా రానక్కర్లేదు. నొక్కినా విడిపోతుంటే ఒక్కో టీస్పూన్ చొప్పున పాలు చేర్చండి.

ముద్దను అర అంగుళం మందాన బిళ్లలా ఒత్తి, మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో 30 నిమిషాలు ఉంచండి. ఈ మెట్టు వదలకండి. బటర్ గట్టిపడితేనే పిండి ఓవెన్‌లో ఆకారం నిలుపుకుంటుంది, పిండి తేమను పీల్చుకుంటేనే ఒత్తేటప్పుడు అంచులు పగలవు. రెండు రోజుల ముందే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. బయటికి తీశాక పది నిమిషాలు ఆగి ఒత్తండి.

ఒత్తడం, కోయడం

రెండు బేకింగ్ పేపర్ల మధ్య పెట్టి అప్పడాల కర్రతో 6–7 మిల్లీమీటర్ల మందాన ఒత్తండి. పొడి పిండి చల్లి ఒత్తితే ఆ పిండంతా బిస్కెట్‌లోకే చేరి ఎండిపోయేలా చేస్తుంది. మందం అంతటా సమంగా ఉండడానికి ఇటూ అటూ 6 మిల్లీమీటర్ల మందమున్న స్కేళ్లో చెక్క పట్టీలో పెట్టి వాటి మీద కర్రను దొర్లించండి. మందం తేడా ఉంటే ఒకే ట్రేలో కొన్ని మాడతాయి, కొన్ని పచ్చిగా ఉంటాయి.

5 సెంటీమీటర్ల గుండ్రటి కట్టర్‌తో కోయండి. అది లేకపోతే ఆ కొలత ఉన్న స్టీలు మూతతో సరి. మొదటి బిస్కెట్‌ని తూకం మీద పెట్టి 15 గ్రాములు ఉందో లేదో చూసుకోండి. లెక్క తప్పితే పంచేరోజు చివరి వరుసలో పిల్లలకి చాలకుండా పోతాయి. మిగిలిన అంచుల్ని పిసకకుండా దగ్గరికి నొక్కి, కాసేపు చల్లబరిచి మళ్లీ ఒత్తుకోవచ్చు. రెండోసారికి మించి ఒత్తినవి గట్టిగా వస్తాయి, వాటిని ఇంట్లోవాళ్లకి ఉంచుకోండి.

ట్రేలో బేకింగ్ పేపర్ వేసి ఒక్కోదాని మధ్య అంగుళం ఖాళీ వదలండి. 28 లీటర్ల ఓటీజీ (కరెంటుతో నడిచే చిన్న ఓవెన్) ట్రేలో 16 దాకా పడతాయి, అంటే 40కి మూడు వాయిలు. చవక బటర్ పేపర్లు కొన్ని మైనం పూసినవి ఉంటాయి. అవి వేడికి పొగ వదులుతాయి, అట్ట పెట్టె మీద బేకింగ్‌కి అని ఉన్నదే కొనండి. ఓవెన్‌లోకి వెళ్లే ముందు పంచదార కలిపిన పాలు బ్రష్‌తో పలచగా ఒకసారి రాయండి. పాలు అంచుల నుంచి కారి కింద చేరితే అడుగు అంటుకుంటుంది.

కాల్చడం

ఓటీజీని పైనా కిందా రెండు రాడ్లూ వేసి, 170 డిగ్రీల సెల్సియస్‌కి పెట్టి 15 నిమిషాలు ముందుగా వేడెక్కనివ్వండి. ట్రే మధ్య అరలో ఉండాలి. 15 నుంచి 18 నిమిషాలు పడుతుంది. ఓటీజీ మీద తిప్పే అంకెనే నమ్ముకోకండి. 20 డిగ్రీలు అటూ ఇటూ ఉండడం మామూలే. లోపల పెట్టే ఓవెన్ థర్మామీటర్ ఉంటే అసలు వేడి ఎంతో తెలుస్తుంది.

అది లేకపోయినా ఒక పద్ధతి ఉంది. ట్రే నింపేముందు రెండు బిస్కెట్లు మాత్రమే కాల్చి చూడండి. సెంటీమీటర్‌కి మించి పరుచుకుంటే పిండిని ఇంకో 20 నిమిషాలు చల్లబరచండి, అప్పటికీ అంతే అయితే టేబుల్ స్పూన్ మైదా కలపండి. పైన పగుళ్లిచ్చి అసలు కదలకుండా ఉంటే పిండి పొడిగా ఉందని అర్థం, ఒక టీస్పూన్ పాలు చేర్చండి. 12 నిమిషాలకే అంచు నల్లబడితే వేడి ఎక్కువ, 15 డిగ్రీలు తగ్గించండి. రెండు బిస్కెట్లు పోతే పోయాయి, ముప్పై ఎనిమిది దక్కుతాయి.

అయ్యాయని ఎలా తెలుస్తుంది? అంచు బంగారు రంగులోకి తిరగాలి, మధ్యలో లేత పసుపు ఉండాలి, ఒకదాన్ని అట్లకాడతో ఎత్తి చూస్తే అడుగు లేత గోధుమ రంగులో ఉండాలి. మధ్యలో వేలితో తాకితే మెత్తగానే ఉంటుంది. చాలామంది అది చూసి ఇంకా ఉడకలేదనుకుని మరో ఐదు నిమిషాలు వదిలేస్తారు, చల్లారాక పళ్లకి పని చెప్పేవి అప్పుడే తయారవుతాయి. బటర్, పంచదార చల్లారుతున్నప్పుడే గట్టిపడతాయి. కాబట్టి మెత్తగా ఉండగానే తీయాలి.

తీశాక ట్రేలోనే 5 నిమిషాలు ఉంచి, తర్వాత జాలీ స్టాండ్ మీదికి మార్చండి. వెంటనే ఎత్తితే విరుగుతాయి, ట్రేలోనే వదిలేస్తే అడుగు చెమర్చుతుంది. తర్వాతి వాయిని వేడి ట్రేలో పెట్టకండి. ఓవెన్‌లోకి వెళ్లకముందే బటర్ కరిగి పరుచుకుంటాయి. రెండు ట్రేలుంటే ఒకటి చల్లారేలోపు ఇంకోటి పని చేస్తుంది. ఆగాల్సిన వాయి బిస్కెట్లు ఫ్రిజ్‌లో ఉండాలి.

కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ మోడ్‌లోనే, 160 డిగ్రీల మీద, పొట్టి స్టాండ్ మీద ట్రే పెట్టి 14–16 నిమిషాలు. లోపల ఫ్యాన్ వేడి గాలిని తిప్పుతుంది కాబట్టి పది డిగ్రీలు తక్కువ చాలు. మైక్రోవేవ్ మోడ్‌లో బిస్కెట్ అవ్వదు, లోపల మాడి పైన తెల్లగా మిగులుతుంది.

ఓవెన్ లేనివాళ్లు మందపాటి అడుగున్న వెడల్పు కడాయిలో చేసుకోవచ్చు. లోపల స్టాండ్ పెట్టి, మూత వేసి మధ్యస్థం మంట మీద 10 నిమిషాలు వేడెక్కించి, బిస్కెట్ల పళ్లెం పెట్టి సన్నని మంట మీద 20–25 నిమిషాలు ఉంచాలి. ప్రెషర్ కుక్కర్ వాడితే గ్యాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి, నీళ్లు పోయకూడదు. వేడి కింద నుంచే వస్తుంది కాబట్టి పైన ఎరుపు రాదు, అడుగు రంగు చూసి దించేయాలి. రుచిలో లోటు ఉండదు గానీ ఒక వాయికి ఏడెనిమిదే పడతాయి. పది మంది ఆఫీసు బృందానికి ఇది సరిపోతుంది, తరగతి మొత్తానికి చేయాలంటే ఓవెన్ ఉన్న ఇల్లు వెతుక్కోవడమే మంచిది.

ఎన్ని చేయాలి, ఎప్పుడు చేయాలి

తలా రెండు చొప్పున లెక్కేసి, దాని మీద పదో వంతు అదనంగా చేయండి. 40 మంది పిల్లలకి 80, విరిగేవాటికి, టీచర్లకి 8, మొత్తం 88. అంటే ఈ కొలతకి రెండింతలకి పైన కాస్త. మొత్తాన్నీ ఒకే గిన్నెలో కలపకుండా రెండు వాయిలుగా కలుపుకుంటే బటర్ సమంగా కొట్టుకుంటుంది. ఆఫీసులో డబ్బా ప్యాంట్రీలో పెడితే కొందరు మూడు తీసుకుంటారు, కొందరు అసలు ముట్టుకోరు, సగటు రెండే వస్తుంది.

రేపు పంచాలంటే ఇవాళ సాయంత్రం మొదలుపెట్టండి. 40 బిస్కెట్ల ఒక్క కొలతకి కలపడానికి 20 నిమిషాలు, చల్లబరచడానికి 30, ఒత్తి కోయడానికి 20, మూడు వాయిలు కాల్చడానికి గంట, చల్లారడానికి ఇంకో గంట. ఆరింటికి మొదలుపెడితే తొమ్మిదిన్నరకి డబ్బా మూత పెట్టొచ్చు. తెల్లవారుజామున లేచి చేసి వేడిగా పట్టుకెళ్దామనుకుంటే పని చెడుతుంది. కొంచెం గోరువెచ్చగా ఉన్నా డబ్బాలో ఆవిరి పట్టి, ఇంటర్వెల్ కల్లా మెత్తబడిపోతాయి.

సర్దడం, తీసుకెళ్లడం

ఒకదాని మీద ఒకటి పేర్చితే కిందివి విరుగుతాయి. డబ్బాలో నిలువుగా, పక్కపక్కనే వరుసగా నిలబెట్టండి. వరుసకీ వరుసకీ మధ్య బటర్ పేపర్ పెట్టి, మిగిలిన ఖాళీల్లో టిష్యూ పేపర్ కుక్కండి. బిస్కెట్‌ను విరిచేది బరువు కన్నా కుదుపు. డబ్బాలో కదలడానికి చోటు లేకపోతే సిటీ బస్సులో వెళ్లినా అన్నీ క్షేమంగా చేరతాయి. పిల్లలకైతే రెండేసి చొప్పున చిన్న కాగితపు కవర్లలో పెట్టి ఇవ్వండి. టీచర్ చేత్తో తీసి పంచే పని తప్పుతుంది, మూలనున్న పిల్లవాడికి ముక్కలే దక్కాయన్న గొడవా ఉండదు.

గాలి చొరని డబ్బాలో పది రోజులు బాగుంటాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో, వానాకాలంలో ఎక్కడైనా, మూత తీసి పెట్టిన గంటలోనే మెత్తబడతాయి. ఇంగువ, మసాలాలు ఉన్న అలమరాలో పెట్టకండి, బటర్ ఏ వాసనైనా ఇట్టే పట్టుకుంటుంది. మెత్తబడినవాటిని 150 డిగ్రీల ఓవెన్‌లో 5 నిమిషాలు పెట్టి పూర్తిగా చల్లారనిస్తే మళ్లీ కరకరలాడతాయి.

డబ్బా మూత మీద ఒక చీటీ తప్పకుండా అంటించండి: మైదా, బటర్, పాలపొడి, పాలు, పంచదార, కస్టర్డ్ పౌడర్, యాలకులు, కుంకుమపువ్వు, గుడ్డు లేదు, పప్పులు లేవు, చేసిన తేదీ. పాలు పడనివాళ్లు, గోధుమ పడనివాళ్లు అడగడానికి మొహమాటపడి ఊరికే తినేస్తారు, లేదా తినకుండా ఉండిపోతారు. అదే మిక్సీ జార్‌లో పల్లీలు పొడి కొట్టి ఉంటే అది కూడా రాయాలి, అలర్జీ ఉన్న పిల్లలకి ఆ కొంచెమే చాలు ప్రమాదానికి. కొన్ని బడుల్లో ఇంట్లో చేసినవి పంచనివ్వరు, కాబట్టి పిండి కలిపేముందే క్లాస్ టీచర్‌ని అడగండి. అమెరికాలో పిల్లల్ని బడికి పంపే తెలుగువాళ్లు దీన్ని మరీ పట్టించుకోవాలి. అక్కడ చాలా బడుల్లో కంపెనీ లేబుల్ ఉన్న ప్యాకెట్లనే ఒప్పుకుంటారు. ఆఫీసుకైతే ఆ ఇబ్బంది అంతగా ఉండదు.

అమెరికాలో చేసేవాళ్లకి ఇంకో మాట. ఆల్ పర్పస్ ఫ్లోర్ మన మైదా కన్నా సాగుడు ఎక్కువున్న పిండి. 250 గ్రాముల్లో 20 గ్రాములు తీసేసి కార్న్ స్టార్చ్ వేస్తే మన బిస్కెట్ వస్తుంది. 170 సెల్సియస్ అంటే సుమారు 340 ఫారెన్‌హీట్. కస్టర్డ్ పౌడర్ ఇండియన్ స్టోర్లలో దొరుకుతుంది.

ఇదే పిండితో ఇంకొన్ని

ఫ్రూట్ బిస్కెట్ కావాలంటే యాలకులు, కుంకుమపువ్వు మానేసి, ఉప్పు చిటికెడుకి తగ్గించి, 60 గ్రాముల టూటీ ఫ్రూటీని టీస్పూన్ మైదాలో దొర్లించి కలపండి, టీస్పూన్ రోజ్ వాటర్ చేర్చండి. పిండిని 5 సెంటీమీటర్ల మందం కడ్డీలా చుట్టి, గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచి, పదునైన చాకుతో 8 మిల్లీమీటర్ల బిళ్లలుగా కోసి కాల్చడమే. ఒత్తే పని లేదు కాబట్టి తొందరగా అవుతుంది. బేకరీవాటిలో జీడిపప్పు కూడా ఉంటుంది, తరగతిలో పంచేవాటిలో వద్దు.

మైదా వద్దనేవాళ్లకి సగం గోధుమ పిండి, సగం మైదా వేసుకోవచ్చు. గోధుమ పిండి తడి ఎక్కువ పీలుస్తుంది, ఒక టేబుల్ స్పూన్ పాలు అదనంగా పడతాయి. రాగి పిండి మూడో వంతుకి మించితే అంటుకునే గుణం లేక డబ్బాలోనే పొడి అయిపోతుంది. ఇంట్లో తినడానికి బాగుంటుంది గానీ ప్రయాణానికి ఆగదు.

ఫ్రూట్ బిస్కెట్‌కి చుట్టినట్టే ఉస్మానియా పిండినీ కడ్డీలా చుట్టి, రెండు పొరల ప్లాస్టిక్ కవర్‌లో ఫ్రీజర్‌లో నెల దాకా ఉంచుకోవచ్చు. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజని గుర్తొస్తే, కడ్డీని పది నిమిషాలు బయట పెట్టి, బిళ్లలు కోసి, పాలు రాసి, మామూలుకన్నా రెండు నిమిషాలు ఎక్కువ కాలిస్తే సరిపోతుంది.